ఊటీ పాసులో నాలుగు పేర్లు

మొన్న మా తమ్ముడి కూతురు వచ్చి, నా పక్కన కూర్చుని, ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. భార్యాభర్తలిద్దరూ వచ్చే నెలలో ఏదో మంచుకొండల దేశానికి పోతున్నారట. అక్కడ రైళ్ళలో తిరగడానికి పాసులుంటాయట. నాలుగు రోజులది, ఎనిమిది రోజులది, వరసగా వాడాల్సింది, ఆపి ఆపి వాడుకోదగ్గది, కొండ మీదికి పోయే రైలు కూడా కలిసినది, కలవనిది. "ఏది తీసుకొమ్మంటావు అత్తా?" అని అడిగింది. మోకాళ్ళ నొప్పితో వీధి చివరి దాకా నడవాలంటేనే రెండుసార్లు ఆలోచించే మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. "అందులో ఎవరి పేర్లు రాస్తారు?" అన్నాను. "మా ఇద్దరివే, ఇంకెవరివి?" అని నవ్వి మళ్ళీ ఫోనులో పడిపోయింది. నాకు మాత్రం మా నాయన తెచ్చిన పాసు గుర్తుకొచ్చి, ఆ పూటంతా ఏ పనీ తోచలేదు.

నాయన ఆదోని స్టేషను గూడ్సు ఆఫీసులో గుమాస్తా. డెబ్బయ్యో దశకం చివరి సంగతి ఇది. ఊళ్ళో జిన్నింగు మిల్లుల నుంచి వచ్చే పత్తి బేళ్ళకు రసీదులు రాసీ రాసీ, సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా పత్తి నూగు ఉండేది. గోడకానుకుని కూర్చుంటే, అమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చేలోపే కళ్ళు మూసుకుపోయేవి. రైల్వే వాళ్ళకు ఏడాదికి ఇన్నని ఉచిత పాసులుంటాయి గదా, మా పాసులన్నీ చావులకూ పెళ్ళిళ్ళకూ అయిపోయేవి. ఆ ఏడు అమ్మకు పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. జబ్బు తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. మూడు రోజులకొకసారి వచ్చే కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే కళ్ళు తిరిగేవి. "కొన్నాళ్ళు చల్లని చోట ఉంచండి" అన్నాడు డాక్టరు. బండరాళ్ళ గుట్టల కింద ఉన్న ఊరు మాది. ఏప్రిల్లో ఆ రాళ్ళు పొద్దుగూకినాక కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. చల్లని చోటు అన్న మాట వినగానే అమ్మకు నవ్వొచ్చింది.

నాయన మాత్రం నవ్వలేదు. ఆఫీసు నుంచి టైం టేబులు పుస్తకం తెచ్చి, రాత్రి భోజనాలకు ముందు చాప మీద పరిచేవాడు. పాసు అంటే ఊరికే చీటీ కాదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, మధ్యలో ఎక్కడ దిగుతారు, ఎవరెవరు, అన్నీ ముందే రాసి గుంతకల్లు ఆఫీసుకు పంపాలి. మా తమ్ముడు సిమ్లా అన్నాడు, రెండు మూడు రోజులు రైల్లోనే ఉండొచ్చని వాడి ఆశ. "పాసు యాడికైనా పోతాదిరా, మీ అమ్మ పోవద్దా?" అని నాయన సిమ్లా పేజీ మూసేశాడు. చివరికి ఊటీ ఖాయమైంది. అరక్కోణంలో బండి మారి, మేట్టుపాళయంలో కొండరైలు ఎక్కాలి. ఆ దారి నిర్ణయమైన రోజే నాయన, "అక్కను గూడ తీసకపోదాం" అన్నాడు.

అక్క అంటే మా అత్త. ఎమ్మిగనూరులో ఉండేది. మామ మగ్గం నేసేవాడు, పెళ్ళైన కొన్నేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. నాయన ఎనిమిదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు తల్లీ తండ్రీ ఒకరి వెనుక ఒకరు పోతే, ఆయనను తెచ్చి పెంచింది ఆమే. రాట్నం మీద నేతగాళ్ళకు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె పని. తిరిగే రాట్నం, చేతిలోంచి సాగిపోయే నూలు, ఇవి లేకుండా నేను ఆమెను చూసిన గుర్తు లేదు.

ఆ ఆదివారం నాయనతో నేనూ ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అత్త రాట్నం ఆపకుండానే "రాండి, రాండి" అని, మూతపెట్టిన ఉగ్గాని గిన్నె కళ్ళతోనే చూపించింది. తిన్నాక నాయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. భార్యాపిల్లలు కాకుండా ఇంకెవరినైనా పాసులో చేర్చాలంటే ఆ కాగితం కావాలి. ఆఫీసు భాష కింద తనే తెలుగులో కూడా రాసుకొచ్చాడు.

"ఏముందప్పా అండ్ల?" అని అడిగింది అత్త.

"ఏదో రాసినాంలేక్కా. ఈడ సంతకం పెట్టు, ఊటీకి పోదువు."

"సదువు పాపా నువ్వు" అని నా వైపు చూసింది. నేను చదివాను. తనకు సొంత సంపాదన ఏమీ లేదనీ, తమ్ముని జీతం మీదే పూర్తిగా ఆధారపడి బతుకుతున్నాననీ ఉంది అందులో. చదువుతుండగానే రాట్నం ఆగింది.

"మరి ఇదేంది ఇంతసేపూ తిరుగుతాండేది?" అంది అత్త.

"అది రైల్వేవాళ్ళ మాటక్కా. మన మాట గాదు."

"సంతకం ఎవరిది? నాదే గదా."

కోపంగా అనలేదు. తెగిన పోగు ముడివేస్తూ, లెక్క సరిచూసినట్టు అంది. తర్వాత, "మీరు పోయి రాండప్పా, నాకు సలి పడదు" అని మళ్ళీ రాట్నం తిప్పింది. తిరుగు బస్సులో సగం దారిలో నాయన, "నా సదువంతా ఆ రాట్నం మీదనే నడిచిందమ్మా. దాన్నే లేదని రాసుకొచ్చినా" అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, కిటికీలోంచి వదిలేశాడు. గుంతకల్లుకు పంపిన దరఖాస్తులో నాలుగే పేర్లు.

అక్కడితో అయిపోయేదే. కానీ అమ్మ ఊరుకోలేదు. పది రోజుల తర్వాత, నాయన డ్యూటీకి పోయిన సమయం చూసి, నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. బస్టాండు నుంచి అత్త ఇంటికి పోయే దారిలో రెండుసార్లు అరుగుల మీద కూర్చుంది. ఇంట్లోకి పోయి గోడకు చేరగిలబడి, పాసు మాటే ఎత్తకుండా, "వదినా, నాకు వొంట్లో బాగల్యా. ఆ కొండల్లో ఆయన, పిల్లోళ్ళు నన్నేం సూసుకుంటారు? నువ్వు తోడుంటేనే పోతా, లేకుంటే నేనూ పోను" అంది. అత్త అమ్మ ముఖంలో పసుపు ఇంకా పూర్తిగా పోని కళ్ళను చూసింది.

"వస్తా. నా టికెట్టు నేను తీసుకుంటా" అంది.

అలాగే తీసుకుంది. ఆదోని స్టేషనులో, నాయన పనిచేసే స్టేషనులోనే, కౌంటరు దగ్గర వరసలో నిలబడి, టికెట్టు కొంగున ముడేసుకుంది. నాయన గూడ్సు ఆఫీసు గుమ్మంలో నిలబడి చూశాడు తప్ప ముందుకు రాలేదు. గుంతకల్లు దాటాక టికెట్టు కలెక్టరు వచ్చి పాసులో నలుగురినీ సరిచూసుకుని, అయిదో మనిషి దగ్గర ఆగాడు. "మా అక్క" అని నాయన అంటుండగానే అత్త ముడి విప్పి టికెట్టు ఇచ్చింది. ఆయన దానిని తిప్పి చూసి, "రైల్వేలో ఉండి అక్కకు టికెట్టు కొనిపించినారా? ఆధారపడినవాళ్ళ కింద రాసింటే సరిపోయేది గదా!" అన్నాడు.

"ఆమె మా మీద ఆధారపడలేదు సార్" అన్నాడు నాయన. "ఆమె మీద పడి నేను బతికినా."

కలెక్టరు టికెట్టుకు బెజ్జం వేసి వెళ్ళిపోయాడు. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కడప వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఊటీలో మేము చూసిందేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా లేదు. అయిదు రోజులున్నాం, మూడు రోజులు వాన. గదిలో దుప్పట్లు కప్పుకుని అందరం నిద్రపోయాం. ఏళ్ళ నుంచి బాకీపడ్డ నిద్ర అంతా అక్కడే తీర్చుకున్నట్టు, నాయన మధ్యాహ్నాలు కూడా గురక పెట్టేవాడు. అమ్మ బకెట్టు నిండా నీళ్ళు చూసి, వాడకుండా కాసేపు చేయి ముంచి కూర్చునేది. అత్తకు మాత్రం నిద్ర పట్టేది కాదు. కిటికీ పక్కన కూర్చుని మంచు వంక చూస్తుంటే, ఒళ్ళో ఉన్న కుడిచేయి తనంతట తానే తిరుగుతుండేది, లేని రాట్నాన్ని తిప్పుతున్నట్టు. "ఈ తేమకు నూలు ఆరదు, ఈడ నేసేటోళ్ళు ఎట్ల బతుకుతారో!" అని బెంగపడింది. నాలుగో రోజు ఎండ వచ్చింది. ఆ రోజు ఆమె కూడా అమ్మ పక్కన పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు. లేపబోతే అమ్మ వేలు పెదవుల మీద పెట్టి వద్దంది.

అమ్మ తేరుకుంది. అత్త తిరిగొచ్చిన మరునాడే ఎమ్మిగనూరు పోయి రాట్నం ముందు కూర్చుంది. ఆ తర్వాత నాయన ఏ పాసులోనూ ఆమె పేరు రాయలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. ఎనభైల చివర ఒక వానాకాలంలో, రెండు రోజుల జ్వరంతో పోయింది. అప్పటికి అరవై కూడా నిండలేదు. ఊటీలో మేము ముసలామె అని చేయి పట్టుకుని మెట్లెక్కించిన నాటికి ఆమెకు నలభై ఎనిమిది. వయసులో ఇప్పుడు నేనే ఆమెకు పెద్దదాన్ని. అయినా తలుచుకున్నప్పుడల్లా నాకు పదిహేడేళ్ళే, ఆమె ముసలామే. కాలం ఎంత నడిచినా ఆ వరస మాత్రం మార్చలేకపోయింది.