తడి ఆరని గోడలు

భూమి అదిరిన నాలుగో రోజు పొద్దున ఆరింటికి ప్రొద్దుటూరులో బస్సెక్కాను. మా వీధిలో ప్రహరీ మూలలు రాలాయి, అంతే. పులివెందుల పక్క పల్లెలో మా చెల్లెలు నాగమ్మ ఇంట్లో మాత్రం దూలం కింద గోడ చీలిందని కబురొచ్చింది. నష్టం రాసుకునేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారని, రాసుకున్న ఇళ్లకే కలప, బండలు ఇస్తారని విన్నాను. మొగుడు పోయిన మనిషి, నలుగురిలో నోరు తెరవదు. ఆమె ఇల్లు దగ్గరుండి రాయించి రావాలని బయలుదేరాను. రాజధాని కర్నూలుకు వచ్చాక ప్రభుత్వం మన గడపలోనే ఉందన్నారు. గడప దాటి లోపలికి ఎవరొస్తారో అదీ చూద్దామనుకున్నాను.

ఎర్రగుంట్ల మీదుగా పోతే దారి దగ్గర. అయినా జమ్మలమడుగు ఎట్లుందో చూడాలని అటు వెళ్లాను. ఏడున్నరకు దిగి, ఉగ్గాని తిని, మగ్గాల వీధికి నడిచాను. ఒక నేతగాని మగ్గం గుంట ఒక పక్క కూలి, కాళ్లు పెట్టే చోటంతా మన్ను నిండింది. భార్య గంపతో ఎత్తి పోస్తోంది.

"రాసుకోను వచ్చినారా?" అని అడిగాను.

"వచ్చినారు. ఇంటి గోడ పడింటేనే రాస్తారంట, గుంట గోడ లెక్కలోకి రాదంట. ఇల్లు నిలబడింది గదా అంటారు. ఇంట్లో కూచోని గోడల్ని నమలమంటారేమో!" అన్నాడతను.

తొమ్మిదింటికి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు దొరికింది. దారిలో ఒక వంక మీది మోరీ వంతెన నడిమికి చీలింది. అందరినీ దించి, ఖాళీ బస్సును మెల్లగా దాటించారు. మేము వెనక నడిచాము. బండల పని చేసే ఒక ముసలి సాయిబు కండక్టరును పట్టుకున్నాడు.

"ఏమప్పా, నడిచినదానికి గూడా టిక్కెట్టేనా?"

"నడకకు వేరే టిక్కెట్టు ఇంకా పెట్టలేదు మామా. కర్నూల్లో ఆలోచన చేస్తాండారు."

నవ్వాము గానీ, అవతల చేలో చూశాక నవ్వు నిలవలేదు. ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఒడ్డు రాళ్లన్నీ లోపలికి జారిపోయాయి. రైతు గట్టున కూర్చుని బావిలోకి చూస్తున్నాడు. పైరు అప్పుడే వాడుముఖం పట్టింది.

పులివెందులలో సంగటి తిని, రెండు మైళ్లు నడిచి నాగమ్మ ఇల్లు చేరేసరికి రెండు దాటింది. గోడలు ఎర్రమన్నుతో అలికి, గడపకు పసుపు పూసి ఉంది. లోపల మంచం మీద చక్రాయపేట పక్క నుంచి వచ్చిన పెద్దమనిషి కూర్చున్నాడు. నా మేనల్లుడికి కూతురినిస్తానన్నవాడు. పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసిపోవడం మా పక్క రివాజు. గాదె చూస్తారు, దూలాలు చూస్తారు, ఆ తర్వాతే మాట ఇస్తారు.

నాగమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"ఈ పొద్దే రావల్లనా అన్నా? నిన్నంతా మన్ను మెత్తినా. పగులు కనపడదు. నువ్వు గమ్మునుండు."

నీళ్లు తాగేలోపే నష్టం రాసుకునే ఇన్‌స్పెక్టరు వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇల్లు ఏమన్నా పగిలిందా?"

మంచం మీది మనిషి తల తిప్పి నాగమ్మనే చూస్తున్నాడు.

"మా ఇంటికేమైతాది సామీ, ఉక్కు మాదిరుంది," అంది.

ఆయన పక్కింటికి తిరిగాడు. నేను ఆగలేకపోయాను. ఏటేటా కప్పు మీద చవుటి మన్ను పరిచిన మిద్దె అది. దూలం జారితే ఆ బరువు కింద తల్లీ కొడుకూ, రేపు వచ్చే కోడలూ. ఆయనను లోపలికి పిలిచి, చేతికర్రతో గోడను పొడిచాను. తడి మన్ను పెళ్లలుగా ఊడింది. చీలికలోంచి పెరటి ఎండ ఇంట్లో పడింది.

ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూశాడు.

"ఇది పాత పగులు పెద్దాయనా. ఇంటామె లేదంటాంది, నువ్వు ఉందంటాండావు. నేనేమని రాసేది?"

ఏమీ రాయకుండానే పోయాడు. పిల్ల తండ్రి మజ్జిగ ముట్టకుండా కండువా దులుపుకుని లేచాడు. గాదె పక్కన నిలబడ్డ మేనల్లుడు తల ఎత్తలేదు. నాగమ్మ ఊడిన పెళ్లలను చేటలోకి ఎత్తుకుంటోంది.

"ప్రొద్దుటూరికి రండి, ఇద్దరూ," అన్నాను.

"అది ఎప్పటికి పడేదో. నువ్వైతే ఈ పొద్దే పడగొడితివి," అంది. "పో అన్నా, బస్సు పోతాది."

అయిదింటికి పులివెందులలో వేంపల్లె బస్సెక్కాను. నా పక్క సీటు తప్ప ఇంకెక్కడా ఖాళీ లేక పిల్ల తండ్రి వచ్చి కూర్చున్నాడు.

"మా ఇల్లూ చీలిందప్పా," అన్నాడు ఊరు దాటాక. "మేమూ మెత్తినాం. పిల్లనన్నా గట్టి ఇంటికి పంపుదామని తొందరపడితిమి."

"రాయించుకోలేదా?"

"సంబంధం కుదరనీ అనుకుంటిమి. రాసేవాళ్లు మొన్ననే వచ్చి పోయినారు."

"అట్లయితే ఇంగేముంది, పిల్లనియ్యి. మావాడు మంచోడు. రెండిళ్లూ ఒకటే గదా!"

"చూడనప్పుడు ఇచ్చింటే ఒక మాట. చూసినాక ఇస్తే నా పెండ్లాం నన్ను ఇంట్లోకి రానిస్తాదా?" అన్నాడు. వేంపల్లెలో దిగి, నా వైపు తిరిగి దండం పెట్టి, చక్రాయపేట బండ్ల కోసం వెళ్లిపోయాడు.

అక్కడ బస్సు మారి ఎర్రగుంట్ల దారి పట్టాను. వీరపునాయునిపల్లె దాటుతుంటే ఇంకా వెలుతురుంది. రోడ్డుకు రెండు పక్కలా ఇళ్లు కొత్తగా అలికి ఉన్నాయి. పండగ కాదు, తిరునాళ్ల కాదు. అరుగుల మీద జనం ఏమీ జరగనట్టే మాట్లాడుకుంటున్నారు. ఈ పక్కకు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను. మోరీ దగ్గర దిగి నడవమంటే నడవండి. బావుల ఒడ్డున నిలబడకండి. ఎవరింటికైనా పోతే, బాగా అలికిన గోడ పక్కన మాత్రం మంచం వేయించుకోకండి.