ఒంగోలు దాటని బండి

రాజోలు బస్టాండు ఎదుట మేడ మీద పుష్పలత ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అమలాపురంలో కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్లయ్యాక పెట్టుకుంది. మా వైపు రైలు లేదు. మద్రాసు వెళ్లాలన్నా, అక్కణ్ణించి వచ్చేవాళ్లను దింపుకోవాలన్నా బస్సెక్కి రాజమండ్రి పోవలసిందే. తీరా వెళ్లాక బండి ఆలస్యమంటే ప్లాట్‌ఫారం మీద పడిగాపులే.

ఒకసారి ఆమెకు నెట్‌లో ఓ కోడ్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, కనబడింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే పెట్టాడు. బండి నంబరు ఇస్తే, రైల్వేవాళ్లు జనం కోసం పెట్టిన సమాచారంలోంచి అదెక్కడుందో తెచ్చిస్తుంది. పుష్పలత దానితో కుస్తీపడి తెలుగులో ఒక పేజీ చేసింది. అప్పట్నించి బస్సెక్కేవాళ్లు ముందు ఆ మేడ ఎక్కేవారు.

రెండు వేల ఎనిమిది వానాకాలంలో అంతర్వేది వైపు నుంచి పోలమ్మ వచ్చింది. ఆమె భర్త వీరన్న మద్రాసు రేవులో బోట్ల మీద పనిచేసేవాడు. కామెర్లు ముదిరితే తోటివాళ్లు బండెక్కించి ఫోను చేశారు.

"ఒక్కడే వత్తన్నాడండీ. ఒంటి మీద తెలివి లేదంట. రాజమండ్రిలో నేనే దింపుకోవాలండి. ఎక్కడున్నాడో చూసి పెట్టండమ్మా" అంది.

పేజీలో ఒంగోలు అని వచ్చింది. బాగా ఆలస్యం.

"వానలో స్టేషన్‌కెళ్లి ఏం చేస్తారు పిన్నిగారూ? ఇక్కడ కూర్చోండి. తెనాలి దాటగానే చెబుతాను, బయల్దేరుదురుగాని."

"ఆయ్, మీరెలా చెబితే అలాగేనండి."

కాసేపటికి చూస్తే ఒంగోలే. మళ్లీ చూసినా ఒంగోలే.

"పట్టాలు కొట్టుకుపోయేయేమోనండీ?" అంది పోలమ్మ.

పుష్పలత ఇంకో బండి నంబరు కొట్టింది. అదీ పొద్దున ఉన్నచోటే ఉంది. రైల్వే సైటు ఆ రోజే మారిందని తర్వాతెప్పుడో తెలిసింది. కొత్త పేజీ చదవడం చేతగాక, లైబ్రరీ చివరిసారి దొరికిన జవాబునే మళ్లీ మళ్లీ చూపిస్తోంది. లోపలి కోడ్ తెరిచింది, ఒక్క వరసా అర్థం కాలేదు. రైల్వే సైటే నేరుగా తెరుద్దామంటే వానకు నెట్ పోయింది. స్టేషన్ ఎంక్వయిరీకి సెల్‌లో చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"బండి ఆగలేదు పిన్నిగారూ, నా పేజీ ఆగిపోయింది. అదెక్కడుందో నాకు తెలీదు. పదండి, నేనూ వస్తాను."

"ఇందాకటిదాకా కనబడింది కదండీ!" పోలమ్మకు సంగతి అర్థం కాలేదు.

సెంటర్‌కి తాళం వేసి ఇద్దరూ బస్సెక్కారు. రావులపాలెం దగ్గర లారీలు అడ్డంపడి బస్సు కదల్లేదు. పుష్పలత కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. చేయడానికి ఇంకేమీ లేదు.

వాళ్లు చేరేసరికి బండి వెళ్లిపోయింది. వీరన్న దిగలేదు. తెలివిలేకుండా పడున్న మనిషిని విశాఖపట్నంలో ఎవరో దింపి పెద్దాసుపత్రిలో చేర్చారు. కబురందాక పోలమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంటే కళ్లు తెరిచాడు గాని గుర్తుపట్టలేదు. మర్నాడు పోయాడు. లివరు ఎప్పుడో చెడిందనీ, రాజమండ్రిలో దిగినా ఏమయ్యేదో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు.

పోలమ్మ నిష్ఠూరంగా ఒక్క మాటా అనలేదు. "మీరు మాత్రం ఏం చేత్తారమ్మా" అంది. తిట్టినా బాగుండేదని పుష్పలత ఇంట్లో చెప్పుకుని ఏడ్చింది.

లైబ్రరీ రాసినతనికి ఉత్తరాల మీద ఉత్తరాలు పంపితే చాన్నాళ్లకు జవాబొచ్చింది. తనిప్పుడు ఆ పని చూడటం లేదట, వీలైన వాళ్లెవరైనా బాగుచేయొచ్చట.

వేసవికి ఎవరో బాగుచేశారు. పుష్పలత ఒకసారి నంబరు కొట్టి చూసింది. బండి నెల్లూరు దాటింది, ఒంగోలు దాటింది, చీరాల దాటింది. అంతా సరిగ్గానే ఉంది. పేజీ మాత్రం మళ్లీ పెట్టలేదు.

జనం మేడెక్కి అడుగుతూనే ఉన్నారు.

"మీరు చూసి చెప్పేవారు కదండీ?"

"ఇప్పుడు చెప్పలేనండీ" అనేది, తలెత్తకుండా.