అసిరయ్య రాసిన అట్ట

మా ల్యాబులో అసిరయ్యకి కోపం తెప్పించడం చాలా సులువు. రంగునీళ్ళ చిక్కదనం కొలిచే కలరీమీటరులో పెట్టే గాజు గొట్టాన్ని తుడవకుండా, వేలిముద్రలతో అలాగే లోపలికి దింపితే చాలు. ప్రిన్సిపాలుగారి మేనల్లుడైనా సరే, చేతిలోంచి గొట్టం లాక్కుని, పాత పంచె ముక్కతో తుడిచి, కిటికీ వైపు ఎత్తి చూసుకుని అప్పుడు తిరిగి ఇస్తాడు. కోపం నాకూ ఎక్కువే గానీ, నాది అరిచి ఊరుకునే రకం. అతనిది నోరెత్తకుండా పనిచేసే కోపం. రాజాంలోని మా డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, పేరు సత్యానందం. అసిరయ్య ల్యాబు అటెండరు, పదో తరగతి దాకా చదివాడు. ఎనిమిదేళ్ళు కలిసి పనిచేశాక కూడా, ఆ ల్యాబు నడిపేది నేనేనని నమ్మేవాణ్ణి కాలేజీ మొత్తంలో నేనొక్కణ్ణే.

ముందు రెండువేల తొమ్మిది దసరా సంగతి చెప్పాలి. ఆయుధపూజకి మా కాలేజీలో బస్సుల దగ్గర్నుంచి బ్యూరెట్ల దాకా అన్నీ కడిగి బొట్టు పెడతారు. మాది బాప్టిస్టు చర్చి. నాకు పూజతో పనిలేదు, పులిహోరతో మాత్రం ఉంది. ఆ ఏడు అసిరయ్య ఉత్సాహం పట్టలేక కలరీమీటరు ముల్లు తిరిగే డయలుని అసిటోనులో ముంచిన దూదితో తుడిచాడు. దాని మీది అద్దం అంతకుముందే పగిలిపోయింది. పైనున్న నల్ల అంకెలు ఎలాగో బతికాయి గానీ, కిందనున్న ఎర్ర అంకెల వరస మొత్తం దూదికి అంటుకుని వచ్చేసింది. ఖాళీ అయిన చోట బొట్టు పెట్టి, నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

నల్ల అంకెలు, గొట్టంలోని రంగునీళ్ళలోంచి నూటికి ఎంత వెలుతురు బయటికి వచ్చిందో చెబుతాయి. ఎర్రవి, ఆ రంగు వెలుతురుని ఎంత గట్టిగా మింగిందో చెబుతాయి. దాన్నే మేము అబ్సార్బెన్సు అంటాం, గ్రాఫు గియ్యాలంటే కావలసింది అదే. నల్ల అంకెని నూటిలోంచి తీసేస్తే సరిపోతుందనుకునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. అది కాదని చెప్పడానికి నేను బోర్డు నిండా లాగరిథములు రాసి, అరిచి, నీళ్ళు తాగేవాణ్ణి. అసిరయ్య పద్ధతి వేరు. వంద పలాస జీడిపప్పులు పొట్లం కట్టుకుని చుట్టాలిళ్ళకి బయల్దేరమనేవాడు. మొదటింట్లో సగం లాగేస్తారు, యాభై మిగులుతాయి. రెండో ఇంట్లో ఉన్నదాంట్లో సగం పోతాయి, ఇరవై ఐదు మిగులుతాయి. ముల్లు చూపించేది మిగిలిన పప్పులు. మన గ్రాఫుకి కావలసింది ఎన్ని ఇళ్ళు తిరిగామన్నది. పప్పుల్ని బట్టి ఇళ్ళు లెక్కపెట్టేదే లాగ్ అని ముగించేవాడు. పిల్లలు నవ్వుతూనే నేర్చేసుకునేవాళ్ళు, నాకు కొంచెం మంటగా ఉండేది.

నిజానికి లాగ్ టేబుల్సు పుస్తకం చూడడం అతనికి నేర్పింది నేనే. అంకెలు చెరిపింది తను కాబట్టి, దిద్దే పూచీ కూడా తనదేనన్నాడు. సూత్రం చిన్నదే. రెండులోంచి ముల్లు చూపిన అంకె లాగ్ తీసెయ్యాలి. వారం రోజులు కూర్చుని ఒకటి నుంచి వంద దాకా వంద లెక్కలూ కట్టాడు. చీరల పెట్టె అట్ట ఒకటి తెచ్చి, దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి, మెషీను పక్కన మేకుకి తగిలించాడు. అప్పట్నుంచి మా ల్యాబులో లాగ్ టేబుల్సు తెరిచినవాడు లేడు. ముల్లు చూడడం, అట్ట చూడడం, రాసుకోవడం.

ప్రతి ఏడూ పొటాషియం పర్మాంగనేటు ప్రయోగం ఉంటుంది. ఊదారంగు నీళ్ళు అయిదు గొట్టాల్లో, ఒకదానికంటే ఒకటి చిక్కగా. అయిదు చుక్కలు పెడితే ఒకే గీత మీద పడాలి. మాకు మూడో చుక్క ఎప్పుడూ కిందికి జారేది. పిల్లలు అడిగితే నేనొక కారణం కనిపెట్టాను. బల్బు ముసలిదైపోయిందని, సరిగ్గా ఆ చిక్కదనం దగ్గర తడబడుతుందని. ఎంత ధీమాగా చెప్పానంటే, పిల్లలు వైవాలో కూడా అదే చెప్పి మార్కులు తెచ్చుకునేవారు.

రెండువేల పదహారులో మా కాలేజీకి ల్యాబ్ అసిస్టెంటు పోస్టు వచ్చింది. అసిరయ్యకి అది కావాలి. జీతం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. పిల్లల రీడింగు చీటీ చూసి, సరిగ్గా ఉందని పొట్టి సంతకం పెట్టే హక్కు అసిస్టెంటుకే ఉంటుంది. ఇన్నేళ్ళూ ప్రయోగాలు చేయించింది అతను, సంతకాలు నావి. ఒకరోజు సింకు దగ్గర బీకర్లు కడుగుతూ అన్నాడు, “సేయించీది నాను, నా పేరు మాత్రం ఎక్కడా నేదు సారూ.” నాకు సిగ్గేసింది. కాలేజీ సెక్రెటరీ నారాయణమూర్తిగారికి ఆ అట్ట గురించి గొప్పగా చెప్పాను. ఆయనకి రాజాంలో రైసు మిల్లుంది, కళ్ళతో చూడందే దేన్నీ నమ్మడు. సోమవారం ల్యాబుకి వచ్చి, అసిరయ్య పనీ అట్టా చూసి తేలుస్తానన్నాడు. అసిరయ్య ఆ వారమే కొత్త పెన్ను కొనుక్కున్నాడు.

సరిగ్గా దానికి ముందు శుక్రవారం గౌరి నా దగ్గరికొచ్చింది. ఫైనలియర్ పిల్ల. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది, తల్లిదండ్రులు చేపల వ్యాపారం చేస్తారు, తను ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. రికార్డులో రెండు మార్కులు ఎందుకు కోశారని అడిగింది. ముప్పై ఏడుకి క్లాసులో అందరూ 0.342 రాస్తే నువ్వొక్కదానివే 0.432 రాశావు, అందుకని, అన్నాను. తను అట్ట చూడలేదని, ఫోన్లో లెక్క కట్టుకున్నానని చెప్పింది. నేను బల్బు సంగతి ఎత్తుకుని అరవడం మొదలుపెట్టాను. పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, నన్ను అట్ట దగ్గరికి తీసుకెళ్ళింది.

“ముప్పై ఆరుకి 0.444, ముప్పై ఎనిమిదికి 0.420 ఉన్నాది సార్. మజ్జిలో ముప్పై ఏడుకి 0.342 ఎలగొస్తాది? తట్టలో సైజు వారీ పేర్సిన సేపల మజ్జిన పిల్లసేప దూరినట్టు లేదా?”

కాలిక్యులేటరు తీశాను. 0.432. అసిరయ్య చేతిలో నాలుగూ మూడూ చోట్లు మార్చుకున్నాయి, అంతే. మా మూడో గొట్టం రీడింగు ప్రతి ఏడూ ముప్పై ఏడే. ఏడేళ్ళ రికార్డుల్లో ఆ తప్పు కింద నా సంతకం ఉంది. సరిగ్గా రాసిన ఒక్క పిల్లకి మార్కులు కోసిన ఘనత కూడా నాదే. ఆ రెండు మార్కులూ వేసేసి, సోమవారం దాటేదాకా అసిరయ్యకి చెప్పొద్దని బతిమాలాను. శనివారం అతను టీకి వెళ్ళినప్పుడు చిన్న తెల్లకాగితం ముక్క మీద ఎర్రగా 0.432 రాసి, పాత అంకె మీద అంటించేశాను. అతని కోసమే చేస్తున్నానని అనుకున్నాను. సగం నా పరువు కోసమే.

సోమవారం పొద్దున్నే అట్ట దులుపుతుంటే అతని వేలికి ఆ కాగితం తగిలింది. ఎవులు అంటించినారని అడిగాడు. చెప్పక తప్పలేదు. మొత్తం విని, స్టూలు మీద కూర్చుని, లాగ్ టేబుల్సు తీసి లెక్క కట్టుకున్నాడు. తరవాత తడిగుడ్డ పెట్టి కాగితం ముక్క నెమ్మదిగా ఊడదీసేశాడు. నాకు ఒళ్ళు మండింది. సెక్రెటరీ కారు గేటు దగ్గరుంది, ఈ ఒక్క పూట ఉండనివ్వమని అరిచాను.

“ఏడేళ్ళు పిల్లలు ఈ అంకె మీద గీతలు గీసినారు. దీన్ని కప్పీసి సంతకం పెట్టీ పని అడగనేను సారూ.”

నారాయణమూర్తిగారు వచ్చీ రావడంతోనే, నేను నోరు తెరిచేలోగా అసిరయ్య అట్ట తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఏ అంకె తప్పో వేలు పెట్టి చూపించాడు. రాసింది తనేనన్నాడు. ఎర్ర అంకెలు చెరిపింది కూడా తనేనని, అడగని సంగతి కూడా చెప్పేశాడు. సెక్రెటరీ కళ్ళజోడు సర్దుకుని, ఏడేళ్ళలో ఎవరూ చూడలేదా అని నావైపు తిరిగాడు. బల్బు మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. సింకు దగ్గర గౌరి బ్యూరెట్టు కడగడం ఆపి నన్నే చూస్తోంది.

“చూడాల్సింది నేనండి. ఆ సంతకాలన్నీ నావే. తప్పు కనపడితే బల్బు మీదికి తోసింది కూడా నేనే. ఎవరి ఉద్యోగమైనా ఆపాలంటే ముందు నాది ఆపండి.”

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ఆయన ఆ పర్మాంగనేటు గొట్టాలు అయిదూ పెట్టి చూపించమని అసిరయ్యని అడిగాడు. అసిరయ్య ఒక్కో గొట్టం తుడిచి పెట్టాడు. ముల్లు డెబ్బై రెండు, యాభై రెండు, ముప్పై ఏడు, ఇరవై ఏడు, పంతొమ్మిది చూపించింది. అయిదూ లాగ్ టేబుల్సులోనే చూసి, గ్రాఫు మీద చుక్కలు పెట్టి, స్కేలు ఆనించాడు. మూడో చుక్క గీత మీద కూర్చుంది. దాన్ని అక్కడ చూడడం నాకు అదే మొదటిసారి, భలే సంతోషం వేసింది. తమ మిల్లులో ధాన్యం తేమ చూసేవాడు ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తప్పు తనదని అనలేదని సెక్రెటరీ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గురువారం ఆర్డరు వచ్చింది. ఈలోగా అసిరయ్య మిగతా తొంభై తొమ్మిది అంకెలూ మళ్ళీ కట్టి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముప్పై ఏడు దగ్గర పాతది కొట్టేసి పక్కన సరైనది రాశాడు.

ల్యాబ్ అసిస్టెంటుగా అతని మొదటి ప్రాక్టికల్స్ రోజున ఇరవై నాలుగు మంది చీటీలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అరగంటైనా ఆరుగురే అయ్యారు. సంగతేమిటా అని వెళ్ళి చూద్దును కదా, అట్ట వైపు కన్నెత్తకుండా ప్రతి రీడింగుకీ లాగ్ టేబుల్సు తిరగేసి, లెక్క కట్టి, అప్పుడు సంతకం పెడుతున్నాడు. అట్టంతా నువ్వే సరిచూశావు కదా, ఇంకా ఈ తంటా ఎందుకు, సంతకాలు పెట్టి పంపించెయ్యమన్నాను. అతను తలెత్తలేదు.

“నాను రాసినానని మీరు సంతకం పెట్టీసినారు. మీరు సంతకం పెట్టినారని నాను నమ్మీసినాను. ఏడేళ్ళూ లెక్క కట్టినోడు ఎవుడు సారూ?”

బీరువాలోంచి ఇంకో లాగ్ టేబుల్సు పుస్తకం తీసి, స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. వరసలో సగం మందిని ఇటు రమ్మన్నాను.