ఎక్స్ చుట్టూ ఎర్ర సున్నా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎవరు ఏ కాగితం రాసినా దాన్ని దిద్దడానికే నేను పుట్టానని. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో కొన్నేళ్లు కూర్చుంటే ఎవరికైనా ఆ జబ్బు అంటుకుంటుంది (నా సొంత శుభలేఖలో మా మామగారి ఇంటిపేరు దిద్దాను; ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు). ఆ డెస్కుకు ఒక ఆచారం ఉండేది. ఏ మాట మీద తగవొచ్చినా నిఘంటువు తెరవాలి, ఓడినవాడు అందరికీ టీ పోయించాలి. హోదాలు చూడకూడదు. ఎడిటరుగారు సైతం నోరెత్తకుండా టీ తెప్పించిన సందర్భాలున్నాయి.

ఆ ఆచారాన్ని బట్టలతోపాటు పెట్టెలో సర్దుకుని దోహా వచ్చాను. వెస్ట్ బేలో భవనాలు కట్టే కంపెనీ ఆఫీసు. బయటికి వెళ్లే ఉత్తరాలూ డ్రాయింగులూ ముందుగా చదివి తప్పులు పట్టడం నా డ్యూటీ. ప్రొబేషన్ గట్టెక్కి ఉద్యోగం ఖాయమైతేనే ఫ్యామిలీ వీసాకు కాగితం ఇస్తారు. అందుకని మా ఆవిడ రోజూ ఫోన్లో, నేను తిన్నానో లేదో అడక్కుండా, "ఇంతకీ మీ పెద్దాయన ఏవన్నారు?" అనేది. పెద్దాయనంటే మా చీఫ్ ఇంజినీరు. కాకినాడ మనిషి, పాతకాలపు డ్రాయింగులు తిరగేసి ఇంగ్లీషు పట్టుకున్నవాడు.

చేరిన వారంలోనే ఒక డ్రాయింగు కింద ఆయన రాసిన 'షోన్' అనే ఇంగ్లీషు మాటలో ఓ అక్షరం ఉండాల్సిన చోట ఇ కనిపించింది. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఆయన గదిలోకి వెళ్లాను. కళ్లజోడు మీదుగా చూశారాయన. "తప్పంటావా ఎడిటరూ?" "తప్పేనండీ. మా డెస్కులో అయితే ఓడినవాళ్లు టీ పోయించాలి." "ఇక్కడ కరక్ చాయ్. తియ్యి డిక్షనరీ." తీశాం. ఆ ఇ కూడా ఉంది, పాత వాడుక అని చిన్నక్షరాల్లో. తర్వాత 'వ్యాగన్'లో రెండు జి-లు పట్టాను, అవీ ఉన్నాయి. 'గ్రామ్' చివర ఇంకో ఎమ్మూ ఇ-యీ తోకలా వేలాడుతుంటే ఇక దొరికారనుకున్నాను. ఆ తోకా ఉంది. నా ఓటములతో ఆఫీసంతా యాలకుల వాసన వచ్చేది. అప్పుడప్పుడు ఆయనా నిజంగానే పొరబడేవారు. ఓడినరోజు ఆయన మొహం నాకంటే ఎక్కువ వెలిగేది. అదెందుకో నాకప్పట్లో అర్థం కాలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో నాతో గది పంచుకున్న నిజామాబాద్ అన్న సైటు ఫోర్‌మన్. సంగతంతా విని అన్నం కలపడం ఆపేశాడు. "తమ్మీ, నీకేమన్న పిచ్చి లేసిందా? బాసుతోని పందెం గడ్తరా ఎవలన్న? ఓడితె చాయ్ నువ్వు పోస్తవు, గెలిస్తె నిన్ను ఇంటికి తోల్తడు. ఆయన ఏది రాస్తె గదే రైటు అను. ప్రొబేషన్ అయ్యేదాంక పెన్సిలు ముట్టకు."

మాట బాగానే తోచింది. పెన్సిలు సొరుగులో పడేశాను. పెద్దాయన రాసిందల్లా చదివి, "బాగుంది సార్," అని తిరిగిచ్చేవాణ్ణి. నాలుగురోజులకు ఆయనకే విసుగొచ్చింది. "ఏవయ్యా ఎడిటరూ, కళ్లు గానీ దెబ్బతిన్నాయా?" "బానే ఉన్నాయండీ." "మరి పెన్సిలేదీ?" "అన్నీ సరిగ్గానే ఉంటున్నాయి సార్." ఆయన కాగితం బల్ల మీద పడేశారు. "నేను రాసినవన్నీ సరిగ్గా ఉండడం నా జన్మలో లేదు. చదివే మనిషి కావాలని నిన్ను ఉంచుకున్నాను. తలూపడానికైతే టేబుల్ ఫ్యాన్ చాలు," అన్నారు.

మర్నాడు ఒక కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు, చూసి ఇవ్వమని. అది నా కన్ఫర్మేషన్ ఉత్తరమే. సంతకం ఒక్కటే తక్కువ. ఈ ఆఫీసుతో నా 'కనెక్షన్' ఇకముందూ కొనసాగుతుందని రాశారు, సి, టి తీసేసి వాటి చోట ఎక్స్ పెట్టి. ఎక్స్ నన్ను చూసింది, నేను ఎక్స్‌ని చూశాను. సున్నా చుడితే నా ఉద్యోగానికే చుట్టుకున్నట్టు అనిపించింది. మా ఆవిడ గొంతూ అన్న గొంతూ ఒకేసారి చెవుల్లో మోగాయి, ఇద్దరూ వద్దనే అంటున్నారు. వాటన్నిటికంటే గట్టిగా టేబుల్ ఫ్యాన్ తిరిగింది. సొరుగు తెరిచి, పెన్సిలు తీసి, సున్నా చుట్టి పట్టుకెళ్లాను.

"పందెమేనా?" అన్నారు. "పందెమేనండీ." డిక్షనరీ ఆయనే తీశారు. ఎక్స్ ఉంది, ఎప్పట్లాగే చిన్నక్షరాల్లో. ఆయన పెన్ను తీసి నా ఎర్ర సున్నా పక్కనే సంతకం పెట్టి, "ఈ ఎక్స్ ఇలాగే వెళ్తుంది. నువ్వెళ్లి కరక్ చెప్పు," అన్నారు.

"ఓడినవా?" అన్నాడు అన్న ఆ సాయంత్రం. ఓడానన్నాను. "మరి గెట్ల కన్ఫం చేసిండు?" "ఓడిపోయే పందెం కట్టానని." "మీ ఆఫీసోళ్ల కత నాకు సమజ్ కాదు తమ్మీ. సరే, మా చెల్లె ఎప్పుడొస్తది?"

మా ఆవిడ వచ్చింది. పెద్దాయన కాకినాడ వెళ్లిపోతూ డిక్షనరీ నా బల్ల మీద వదిలివెళ్లారు. ఇప్పుడు నేనూ కనెక్షన్‌ని ఎక్స్‌తోనే రాస్తున్నాను (ఎవరూ ఏమీ అనరు, అదే నా బెంగ). మొన్న, నా పాత డ్యూటీలో కొత్తగా చేరిన విశాఖ అమ్మాయి నా కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఎక్స్ చుట్టూ పెన్సిలు గీత ఉందో లేదో తెలియనంత పలచగా ఉంది. "మీరు రాసిందే కదండీ సార్, వదిలీమంటారా?" అంది. ఆమెకింకా ప్రొబేషనే.

"ముందు ఆ సున్నా గట్టిగా చుట్టమ్మా," అన్నాను, డిక్షనరీ కోసం చెయ్యి చాస్తూ.