బాబాయ్ మెడ ముట్టుకోలేదు

ఈ సాయంత్రం అప్పలనాయుడు బాబాయ్ మెడ నొప్పంటూ నా ఫిజియోథెరపీ గదికి వచ్చాడు. నాన్నతో పాటు స్టీలు ప్లాంటులో చేరిన మనిషి. క్రేన్ నడుపుతాడు. పైన కేబిన్‌లో కూర్చుని రోజంతా కిందికి వంగి చూడటమే ఆయన పని.

మెడ మీద చెయ్యి వేసే ముందు, మెదడుకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో కనుక్కోవాలి. కళ్లు తిరుగుతున్నాయా, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయా అని అడిగాను.

"ఏటీ నేదమ్మా. సెలూన్లో భయ్యా మెడ తిప్పినట్టు ఓపాలి టక్కుమనిపించీ, సరిపోద్ది," అన్నాడు.

తల తనంతట తానే మెల్లగా పక్కకి తిప్పమన్నాను. తిప్పాడు. కళ్లు నిలవలేదు, అదరడం మొదలుపెట్టాయి. చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుంది.

"బాబాయ్, కళ్లు తిరుగుతున్నాయి కదూ?"

తల మళ్లీ తిన్నగా పెట్టుకున్నాడు.

"తిరుగుతన్నాయమ్మా. సెప్తే క్రేన్ మీంచి దించేత్తారు. కింద కూకుని నానేటి సెయ్యాల?"

మెడ ముట్టుకోలేదు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లి, క్రేన్ నడుపుతాడని కూడా చెప్పి డాక్టరుకి అప్పజెప్పాను. దారంతా ఆయన నా వైపు చూడలేదు.

తిరిగొస్తూ సెలూన్ దగ్గర ఆగి, బాబాయ్ వస్తే జుట్టు మాత్రమే కత్తిరించమని, మెడ తిప్పొద్దని ఆ భయ్యాకి హిందీలో చెప్పాను. ఒక్క సాయంత్రంలో ఆయనకి క్రేనూ లేకుండా చేశాను, క్షవరం తర్వాత దొరికే ఆ కాస్త సుఖమూ లేకుండా చేశాను.

రేపు ఆయన్ని చూడటానికి వెళ్లాలి. వెళ్లి ఏం మాట్లాడాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.