పాండురంగన్ కార్డు, పద్దెనిమిదో తేదీ

పాండురంగన్ ఊరివాళ్ళ పెళ్ళి ఖర్చుల్లో కమిషన్ తింటాడని రాజపాళయంలో కొందరన్నారు. కార్డు అప్పుల్లో మునిగి, అందరి డబ్బూ పట్టుకుని తేలుతున్నాడని మరికొందరన్నారు. విమానాల మోజులో మతి చెడిందని స్వయానా అతని భార్య అన్నగారు మహేశ్వరనే అన్నారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. అతనికున్న జబ్బు ఒక్కటే. ఎవరింట్లో పెద్ద ఖర్చు రాబోతున్నా దాన్ని తన క్రెడిట్ కార్డు మీదే గీయాలి; అదీ నెలలో పద్దెనిమిదో తేదీ దాటాకే గీయాలి.

పద్దెనిమిదిన నెల బిల్లు ముగుస్తుంది. పంతొమ్మిదిన గీస్తే కట్టడానికి దాదాపు యాభై రోజుల గడువు. ఖర్చుకు పాయింట్లు, పాయింట్లకు విమానం టికెట్లు. గడువుకు వారం ముందే ఎవరి డబ్బు వారి దగ్గర వసూలు చేసి బిల్లంతా కట్టేసేవాడు. ఏనాడూ వడ్డీ పడనివ్వలేదు.

సుగంధి కూతురి పెళ్ళి నిశ్చయమైన రోజు పాండురంగన్ వరుడి ఉద్యోగం అడగలేదు, నగల కొట్టుకు ఏ తేదీన పోతారని అడిగాడు. పదహారు అనగానే అతని ముఖం వాడిపోయింది.

"పదారు వద్దమ్మా. మూడు దినాలు ఓర్చుకో. బంగారం యాడికీ పోదు."

"ముహూర్తం పెట్టేది అయ్యరా, మీరా?" అంది సుగంధి.

"పెట్టేది ఆయనే. గీసేది నేను."

ముత్తుసామి కంటి పొర తీయించుకోవడానికి డాక్టరు పన్నెండో తేదీ ఇస్తే, ఇన్ని నెలలు మసకగా చూసినవాడివి ఇంకో వారం చూడలేవా అని వాయిదా వేయించాడు. ఆ వారమంతా ముత్తుసామి వీధిలో ఎదురైన ప్రతి మనిషినీ పాండురంగన్ అనుకుని తిట్టాడు.

ఇంతలో ఊరి సంఘం వారి కల్యాణ మండపానికి కొత్త రేకులు వేయాల్సి వచ్చింది. మూడు లక్షల ఎనభై వేల ఖర్చు. కొట్లో తన కార్డు గీస్తానని, సాయంత్రానికల్లా సంఘం డబ్బు తనకిస్తే చాలునని పాండురంగన్ అన్నాడు. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. తీర్పు అధ్యక్షుడైన మహేశ్వరన్ చెప్పాలి. ఆయన మిల్లులో విచారణాధికారిగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళలో సంజాయిషీ అడగకుండా ఎవరికీ శిక్ష వేయలేదు. ఆ రోజు మాత్రం, ఎదురుగా ఉన్నవాడు సొంత చెల్లెలి మొగుడు కనుక, పక్షపాతమనే మాట రాకూడదని తొందరపడ్డారు.

"ఇది అందరి దుడ్డు, పాండురంగా. దాని పాయింట్లు ఒక్కడికే పోవడం న్యాయం కాదు."

"సరి బావా," అన్నాడు పాండురంగన్.

డబ్బును పసుపు గుడ్డసంచిలో పెట్టుకుని నలుగురు సభ్యులు రేకుల కొట్టుకు ఊరేగింపుగా వెళ్ళారు.

పది రోజుల తర్వాత సేత్తూరు నుంచి ఆండి మహేశ్వరన్ ఇంటికి వచ్చాడు. బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల్లో పని అతనిది. చేతిలో ఇంగ్లీషు కాగితం, ఎన్ని గంటలకు ఎక్కాలో చదివి చెప్పమని అడిగాడు. మహేశ్వరన్ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మదురై నుంచి చండీగఢ్‌కు రెండు విమాన టికెట్లు: ఆండికి, కూతురు వెన్నిలాకు. కింద, పాయింట్లతో చెల్లించినట్టు ఉంది. వెన్నిలా నడక పోటీకి వెళ్తోందట.

"నడవడానికి పోయే పిల్లకు విమానమా?"

"పోయిన ఏడు రైల్లో కూర్చోని పోయి కాళ్ళు వాచిపోయినాయి అయ్యా. ఈసారి అట్ల కాకూడదని పాండురంగయ్య ఎక్కిస్తున్నారు. దుడ్డు తీసుకోలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు." ఆండి ఆగి, నాలుక కరుచుకున్నాడు. "మీకు చెప్పేసినాను."

మహేశ్వరన్ చెప్పులు వేసుకుని నేరుగా చెల్లెలి ఇంటికి నడిచారు. అఖిలాండం వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. కూతురి కాన్పుకు ముంబై పోయిన ఇసక్కియమ్మాళ్, పరీక్షకు ఢిల్లీ పోయిన మణికండన్... ఆరేళ్ళలో తొమ్మండుగురు; ఈ తండ్రీకూతుళ్ళతో పదకొండు. ఈ ఏడు మిగిలిన పాయింట్లు ఆలుమగల కాశీ ప్రయాణానికి దాచుకున్నవి; వాటినే ఆండి టికెట్లకు ఇచ్చేశాడు. రేకులు కార్డు మీద గీసివుంటే నలుగురికీ చాలేవి.

"కాశీ యాడికీ పోదు అన్నాడన్నా," అంది అఖిలాండం. "నేనూ యాడికీ పోలేదు."

పాండురంగన్ గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ దినమే నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు గదా బావా."

ముప్పై ఏళ్ళు అపరిచితులకు దక్కిన ఆ ఒక్క ప్రశ్న సొంత మనిషికి దక్కలేదు.

వెన్నిలా ఏడో స్థానంలో వచ్చింది. నడవమంటే పరుగెత్తారని ముందున్న ఇద్దరిని తీసేశారని, లేకుంటే తొమ్మిదో స్థానమేనని ఆండి దాపరికం లేకుండా చెప్పాడు. తర్వాతి సంఘం సమావేశంలో మహేశ్వరన్ లేచి, రేకుల విషయంలో తాను విచారణ లేకుండా తీర్పు చెప్పానని, అది తప్పని ఒప్పుకున్నారు. పోగొట్టిన కాశీ టికెట్లు తన ఖర్చుతో కొంటానని కూడా అన్నారు. పాండురంగన్ వెంటనే తల ఎత్తి, ఏ తేదీన కొంటారని అడిగాడు. సభ నవ్వింది. మహేశ్వరన్ నవ్వలేదు, తాను రాసుకొచ్చిన తీర్పు కాగితం చివరిదాకా చదివారు.

"పాండురంగన్ ఎవరి దగ్గరా ఒక్క పైసా తినలేదు. మన ఖర్చుల మీద వచ్చిన పాయింట్లతో పదకొండు మందిని విమానం ఎక్కించినాడు. తాను ఎక్కలేదు."