పాత నంబరు నుంచి వచ్చిన ఆమెన్

తల్లి గర్భంలోనే మనల్ని ఎరిగి, ఎరిగినదంతా తనలోనే దాచుకునే దేవునికి స్తోత్రం. నేను దాచలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సూర్యాపేట. మా సంఘంలో స్త్రీల ప్రార్థన కూటం నా బాధ్యత. కోదాడ నుంచి మా కూటానికి వచ్చే ఒక చెల్లెలు, భర్త కత్తి చూపించి చంపుతానన్న మర్నాడే ఇల్లు విడిచింది. "ఫోను నువ్వు యాడున్నవో చూపిస్తదట. ఇంట్లనే పడేసి పో" అని చెప్పింది నేనే. మిర్యాలగూడలో ఒక కుట్టు దుకాణంలో పని, ఆ పైనే గది చూసిపెట్టాను. కొత్త నంబరు నాకొక్కదానికే తెలుసు. ఇక భయం లేదనుకున్నాను.

మా కూటంలో విన్నపం పొడిపొడిగా చెప్పం. ఎవరి కోసమో, ఏ ఊళ్లో ఉన్నారో, కష్టమేమిటో విడమర్చి చెబితేనే ప్రార్థించేవాళ్లకు భారం, అంటే ఆ కష్టం తమదేనన్న తపన, కలుగుతుందని పెద్దలు నేర్పారు. ఒక ఉపవాస ప్రార్థన రోజు మధ్యాహ్నం, ఆమెకు జ్వరమని తెలిసి, సంఘం గ్రూపులో నా గొంతు రికార్డు చేసి పెట్టాను. మిర్యాలగూడ, బస్టాండు వెనక వీధి, కుట్టు దుకాణం పైగది, మన చెల్లెలు ఒంటరిగా ఉంది అన్నాను.

వరసగా ఆమెన్లు వచ్చాయి. వాటిలో ఒకటి మళ్లీ చూశాను. పక్కన ఆమె ఫొటో. అది ఆమె పాత నంబరు. ఆ ఫోను కోదాడలో ఆమె భర్త దగ్గర ఉంది. గ్రూపులోంచి ఆ నంబరు తీసేయాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

రికార్డు చెరిపేశాను. విన్న చెవిలోంచి ఎలా చెరపను? ఆమెకు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది.

"చెల్లె, ఉన్నపళంగా బయటికి నడువ్. నువ్వు యాడున్నవో ఆయనకు తెలిసింది."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే. ప్రార్థన కోసమని గ్రూపుల పెట్టిన."

"దేవునికి నా అడ్రస్ తెల్వదనుకున్నవా అక్కా?"

"తర్వాత తిట్టు తల్లీ. ముందు పోలీస్ స్టేషన్‌కు పో. బండి మీద ఎంతసేపట్ల వస్తడు!"

"పోత. గాడ నుంచి యాడికి పోతనో మాత్రం నీకు చెప్ప. నువ్వు మళ్ల ప్రార్థనకు పెడ్తవ్."

సాయంత్రం కుట్టు దుకాణం నడిపే ఆమె ఫోన్ చేసింది. ఎవరో మనిషి మెట్లెక్కి, తాళం వేసిన తలుపును కాలితో తన్ని వెళ్లాడట. చెల్లెలు అప్పటికే స్టేషన్‌లో ఉందట. ఆ తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు.

ఫోను మన జాడ బయటపెడుతుందని అంత భయపడ్డానే, ఆ రోజు ఏ యంత్రమూ ఆమెను పట్టివ్వలేదు. నా నోరే పట్టిచ్చింది, అదీ ప్రేమతోనే. చేతిలో ఇంత దూరం వినిపించే వస్తువు ఉన్నప్పుడు ప్రేమ కూడా ఎవరు వింటున్నారో చూసుకోవాలి కాబోలు. ఆ మాట నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆమె కొత్త నంబరు ఇప్పుడు మోగడం లేదు. వెతకమని ఎవరినీ అడగలేదు. అడిగితే అదీ ఒక జాడ అవుతుంది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, తలుపు చప్పుడైతే ఆ బిడ్డ ఉలిక్కిపడకుండా లేచి తీసే రోజు త్వరగా దయచేయి.